బజర్ మోగేదాకా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ ఏటా ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్‌లో ముగుస్తాయి. 30 జట్లు అక్టోబరు నుంచి తలా 82 ఆటలు ఆడాక తూర్పు కాన్ఫరెన్సులో ఎనిమిది, పడమటి కాన్ఫరెన్సులో ఎనిమిది మిగులుతాయి. ఆ 16 జట్ల అభిమానులకు ఆ రెండు నెలలూ మామూలు రోజులు కావు. జనవరిలో ఓడిన ఆటను మర్నాటికి మరిచిపోయే మనిషే మే నెలలో ఒక్క ఫ్రీ త్రో తప్పినందుకు తెల్లవార్లూ నిద్రపట్టక దొర్లుతాడు. ఆట అదే, కోర్టు అదే, రింగు నేలకు పది అడుగుల ఎత్తున ఉండటమూ అదే. మారేదల్లా పోటీ నడిచే తీరు. అభిమాని సంబరం, దుఃఖం ఎక్కడినుంచి పుడుతున్నాయో తెలియాలంటే ముందు ఆ తీరును చూడాలి.

ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో మొత్తం నాలుగే మ్యాచ్‌లు. ఎలిమినేటర్‌లో ఒక్క రాత్రి చెడితే సామాను సర్దుకోవాల్సిందే. ఎన్‌బీఏలో అలా కాదు. ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా తలపడాలి. ముందుగా నాలుగు గెలిచిన జట్టు పై రౌండుకు వెళుతుంది. అలాంటి రౌండ్లు నాలుగు దాటితేనే, అంటే 16 ఆటలు గెలిస్తేనే, టైటిల్. మొదటి రెండు ఆటలు లీగ్ దశలో మెరుగ్గా ఆడిన జట్టు ఊళ్లో, తర్వాతి రెండు ప్రత్యర్థి ఊళ్లో, ఆపైన అవసరాన్ని బట్టి ఒక్కొక్కటీ అటూ ఇటూ జరుగుతాయి. ఆటకూ ఆటకూ నడుమ ఒకటి రెండు రోజుల విరామం.

ఈ ఏర్పాటులో ఒక్క ఓటమి ఎవరినీ ఇంటికి పంపదు, దేన్నీ మరిచిపోనివ్వదు కూడా. నిన్న గెలిపించిన ఆటగాడే ఎల్లుండి మళ్లీ ఎదురొస్తాడు. నిన్న మోచేత్తో పొడిచినవాడూ వస్తాడు. అభిమాని ఆ విరామమంతా లెక్కలతో గడుపుతాడు: ఎవరు ఎవరిని కాయాలి, ఎవరి మోకాలు ఎలా ఉంది, కోచ్ ఎవరిని బెంచి మీద కూర్చోబెడతాడు. నాలుగో ఆటకు వచ్చేసరికి ప్రత్యర్థి జట్టులో ఎనిమిదో ఆటగాడి అలవాట్లు కూడా అతనికి కంఠతా వచ్చేస్తాయి. ప్లేఆఫ్స్ అభిమాని ఏ ఒక్క ఆటకీ విడిగా స్పందించడు. సిరీస్‌లో అంతకుముందు జరిగినవి, ఆ ఊరికి పదేళ్ల కిందటో ఇరవయ్యేళ్ల కిందటో జరిగినవి అన్నీ కలిసి అతని గొంతులోంచి ఒక్కసారిగా బయటికొస్తాయి. బయటివాళ్లకు అతిగా కనిపించే ఆ కేక వెనుక అంత లెక్క ఉంటుంది.

ఆశకు ఈ సిరీస్ పద్ధతి ఎన్ని ప్రాణాలిస్తుందో 2023లో బోస్టన్ చూసింది. తూర్పు ఫైనల్లో మయామీ హీట్ చేతిలో సెల్టిక్స్ వరుసగా మూడు ఆటలు ఓడిపోయింది. ఎన్‌బీఏ చరిత్రలో 0-3తో వెనకబడిన జట్లు 150కి పైగా ఉన్నాయి. అందులో సిరీస్ గెలిచినది ఒక్కటీ లేదు. అభిమానికి ఆ లెక్క తెలుసు. తెలిసీ నాలుగో ఆట పెట్టుకుని చూశాడు. జట్టు గెలిచింది. అయిదోది కూడా గెలిచింది. మే 27న మయామీలో ఆరో ఆట చివరి క్షణంలో రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతిని డెరిక్ వైట్ లోపలికి నెట్టేసరికి గడియారంలో మిగిలింది సెకనులో పదో వంతు. 3-3. అంతకుముందు చరిత్రలో మూడంటే మూడు జట్లే అక్కడిదాకా రాగలిగాయి. బోస్టన్ అభిమానులు రెండు రోజులు మేఘాల్లో తేలారు. మే 29న సొంత కోర్టులో ఏడో ఆట మొదలవుతూనే జేసన్ టేటమ్ చీలమండ మెలిపడింది. హీట్ 103-84తో గెలిచింది. నాలుగో ఆటలోనే ఓడి ఉంటే ఆ ఊరు వారం రోజుల్లో తేరుకునేది. చనిపోయిన ఆశ లేచి నిలబడి మళ్లీ పడిపోయింది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని చాలాకాలం మోశారు.

హోరులో కూడా పనితనం

ప్లేఆఫ్స్‌కు ప్రతి కుర్చీ మీదా ఒకే రంగు టీషర్టు పెట్టి ఉంచడం మామూలైంది. వాటిని తొడుక్కున్న పద్దెనిమిది, పందొమ్మిది వేలమంది ఒకే గుడ్డలో కోసినట్టు కనిపిస్తారు. ఈ జనం చేసే గోల గుడ్డి గోల కాదు. సొంత జట్టు బంతి పట్టుకుని ఎత్తు వేస్తున్నప్పుడు గొంతు తగ్గుతుంది. ప్రత్యర్థి చేతికి బంతి వెళ్లగానే ‘డిఫెన్స్’ అన్న ఒక్క మాట రెండు చప్పట్ల లయతో హాలంతా మోగుతుంది. షాట్ క్లాక్ 24 నుంచి దిగుతూ అయిదు, నాలుగు, మూడుకు వచ్చేసరికి ఆ లయ కాస్తా ఒట్టి అరుపైపోతుంది. 24 సెకన్లలోగా షాట్ వేయాలన్న ఈ నిబంధన 1954లో వచ్చింది. అంతకుముందు ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని దాచుకుని కాలం గడిపేది. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్, మినియాపొలిస్ లేకర్స్ మధ్య ఒక ఆట 19-18 స్కోరుతో ముగిసింది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ పట్టుబట్టి తెచ్చిన ఆ గడియారమే బాస్కెట్‌బాల్ అభిమానికి ఊపిరి బిగబట్టే అలవాటు నేర్పింది.

ఫ్రీ త్రో వేళ ప్రత్యర్థిని చెదరగొట్టడం మరో విద్య. బోర్డు వెనక కూర్చున్నవాళ్లు చేతులూపుతారు, పొడవాటి బెలూన్లు ఆడిస్తారు, ఎగురుతారు. 2021లో యానిస్ అంటెటోకూంపో విషయంలో ఇది ఇంకో మెట్టు ఎక్కింది. ఫ్రీ త్రోకు నిబంధన ప్రకారం పది సెకన్లే గడువు. ఊపిరి తీసుకుంటూ, బంతిని నేలకేసి కొట్టుకుంటూ యానిస్ ఆ గడువు అంచుల దాకా వెళ్లేవాడు. దాంతో ప్రత్యర్థి ఊళ్ల జనం బిగ్గరగా ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టడం మొదలెట్టారు. ఫీనిక్స్‌లో ఫైనల్స్ ఆటల్లో ఆ లెక్క హాలంతా మారుమోగింది. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో అతని ఫ్రీ త్రోల్లో నూటికి అరవై కూడా పడలేదు. కానీ జులై 20న సొంత ఊరు మిల్వాకీలో, ఆరో ఆటలో, 19 వేసి 17 సాధించాడు. మొత్తం 50 పాయింట్లు. బక్స్ 105-98తో గెలిచి 1971 తర్వాత తొలి టైటిల్ అందుకుంది. ఆ రాత్రి హాలు బయట తెరల ముందు గుమిగూడినవాళ్లు దాదాపు 65,000 మంది. వాళ్లు కూడా అతను గీత దగ్గర నిలబడినప్పుడల్లా లోలోపల లెక్కపెట్టుకునే ఉంటారు, భయంతో.

జనం హోరు ఆటను నిజంగా మారుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు తేలిక కాదు. ఎన్‌బీఏ చరిత్ర మొత్తం మీద ఏడో ఆటల్లో దాదాపు నాలుగింట మూడొంతులు సొంత ఊరి జట్లే గెలిచాయి. అయితే సొంత కోర్టు దక్కేది లీగ్ దశలో మెరుగైన జట్టుకే కాబట్టి, ఆ గెలుపుల్లో జనానికి ఎంత వాటా, ఆటగాళ్లకు ఎంత వాటా అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఒక్క రాత్రి మాత్రం ఆ సందేహానికి తావివ్వలేదు. 1970 మే 8, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఫైనల్స్ ఏడో ఆట. నిక్స్ కెప్టెన్ విల్లిస్ రీడ్ తొడ కండరం చిరిగి ఆరో ఆటకే దూరమయ్యాడు. అతను వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. కాసేపట్లో ఆట మొదలవుతుందనగా సొరంగంలోంచి కుంటుకుంటూ బయటికొచ్చాడు. 19,500 మంది లేచి నిలబడ్డారు. వార్మప్ చేస్తున్న లేకర్స్ ఆటగాళ్లు ఆగి అటు చూశారు. రీడ్ తొలి రెండు బాస్కెట్లు వేశాడు. ఆ రాత్రి అతను చేసినవి ఆ నాలుగు పాయింట్లే. 36 పాయింట్లు చేసి, 19 అసిస్టులిచ్చి ఆటను గెలిపించింది వాల్ట్ ఫ్రేజియర్. కానీ న్యూయార్క్ ముసలి అభిమానులు మొదట చెప్పుకునేది రీడ్ నడిచొచ్చిన ఆ క్షణాన్నే.

చివరి క్షణాలు

2013 జూన్ 18, మయామీ. ఫైనల్స్ ఆరో ఆట. శాన్ ఆంటోనియో స్పర్స్ సిరీస్‌లో 3-2తో ముందుంది. ఆటలో 28 సెకన్లుండగా 94-89తో ముందుంది. సిబ్బంది పసుపు తాడు పట్టుకొచ్చి కోర్టు చుట్టూ కట్టడానికి సిద్ధమయ్యారు, ట్రోఫీ అందజేత కోసం. మయామీ అభిమానులు వందలకొద్దీ లేచి మెట్లెక్కారు. పార్కింగు రద్దీ తప్పించుకుందామని కొందరు, స్పర్స్ సంబరం కళ్లజూడలేక ఇంకొందరు. లెబ్రాన్ జేమ్స్ ఒక త్రీ పాయింటర్ వేశాడు. స్పర్స్ తరఫున ఫ్రీ త్రోలకు నిలబడింది కవాయ్ లెనర్డ్, 21 ఏళ్ల కుర్రవాడు. రెండిట్లో ఒకటి తప్పింది. 95-92. లెబ్రాన్ మళ్లీ వేశాడు, పడలేదు. క్రిస్ బాష్ ఆ బంతిని అందుకుని మూల వైపు ఇచ్చాడు. రే అలెన్ చూడకుండానే వెనక్కి అడుగులేస్తూ గీత దాటి పైకి లేచాడు. 5.2 సెకన్లుండగా స్కోరు సమమైంది. బయటికి వెళ్లినవాళ్లకు హాల్లోంచి హోరు వినిపించింది. వెనక్కి పరిగెత్తారు, తలుపులు బాదారు. ఒకసారి బయటికెళ్తే లోపలికి రానివ్వరాదన్నది అక్కడి నిబంధన. తమ జట్టు ఆడిన అత్యంత గొప్ప ఆట ముగింపు, 103-100 ఓవర్‌టైమ్ గెలుపు, చాలామందికి గోడ అవతలినుంచే వినపడింది. వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఓటమిని ఎదురుగా చూడలేకపోవడం కూడా ప్రేమలో భాగమే.

స్పర్స్ అభిమానులకు ఆ రాత్రి ఎంత చేదో చెప్పనక్కర్లేదు. హీట్ ఏడో ఆటా గెలిచింది. ఏడాది తిరిగేసరికి అవే రెండు జట్లు మళ్లీ ఫైనల్స్‌కొచ్చాయి. 2014లో స్పర్స్ 4-1తో గెలిచింది. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు, ఆ ఫ్రీ త్రో తప్పిన లెనర్డే.

అదే లెనర్డ్ 2019 మే 12న టొరంటోలో ఉన్నాడు. ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌తో ఏడో ఆట. టొరంటో రాప్టర్స్ 1995లో పుట్టిన జట్టు, ఎన్‌బీఏలో మిగిలిన ఒకే ఒక్క కెనడా జట్టు. ఆ ఊరివాళ్లకు ఫిలడెల్ఫియాతో పాత బాకీ ఉంది. 2001 మే 20న ఇదే రౌండు, ఇదే ప్రత్యర్థి, ఇదే ఏడో ఆట. విన్స్ కార్టర్ చివరి క్షణంలో మూలనుంచి వేసిన షాట్ రింగుకు తగిలి బయటపడింది. 88-87తో ఫిలడెల్ఫియా గెలిచింది. ఆ ఉదయమే కార్టర్ నార్త్ కరొలైనా వెళ్లి పట్టా అందుకుని ఆటకొచ్చాడు. అందుకే ఓడామని చాలామంది ఏళ్ల తరబడి గొణుక్కున్నారు. 2019లో హాల్లో కూర్చున్నవాళ్లలో ఎందరో ఆ షాట్‌ను చిన్నపిల్లలుగా టీవీలో చూసినవాళ్లు.

ఈసారి 10.8 సెకన్లుండగా లెనర్డ్ రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి వదిలేశాడు. జిమ్మీ బట్లర్ దూసుకెళ్లి స్కోరు 90-90 చేశాడు. మిగిలింది 4.2 సెకన్లు. బంతి అందుకున్న లెనర్డ్ కుడి మూలకు పరిగెత్తి, ఏడడుగుల జోయెల్ ఎంబీడ్ చాచిన చేయి మీదుగా ఎత్తుగా వేశాడు. బంతి గాల్లో ఉండగానే బజర్ మోగింది, బోర్డు చుట్టూ ఎర్రదీపం వెలిగింది. చేయి దాటాక బజర్ మోగితే ఆ షాట్ చెల్లుతుంది. బంతి రింగు మీద పడి పైకెగిరింది. మళ్లీ పడింది. మూడోసారి. నాలుగోసారి. లెనర్డ్ గీత పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. వెనక జనంలో తల మీద చేతులు పెట్టుకున్నవాళ్లు, నోరు తెరిచి మూయనివాళ్లు, పక్కవాడి భుజం పట్టుకున్నవాళ్లు. అప్పుడు బంతి లోపలికి జారింది. 92-90. ఏడో ఆటను బజర్‌తో పాటు పడిన షాట్ తేల్చడం ఎన్‌బీఏలో అదే తొలిసారి. ఎంబీడ్ ఏడుస్తూ సొరంగంలోకి నడిచాడు. ఫిలడెల్ఫియాలో టీవీల ముందు కూర్చున్నవాళ్లదీ అదే పరిస్థితి. ఆ నాలుగు తాకిళ్లలో ఏ ఒక్కటి కాస్త పక్కకు జరిగినా ఏడుపు ఆ ఊరినుంచి ఈ ఊరికి మారేది.

కళ్లు చూసేది, మనసు చూసేది

రెఫరీ మీద కోపం లేని ప్లేఆఫ్స్ అభిమాని ఉండడు. 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన ఒక మొరటు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వవేత్తలు. ఒకే ఫిల్ములో డార్ట్‌మత్ జట్టు తప్పులు ఇరువర్గాలకూ వేర్వేరు సంఖ్యల్లో కనిపించాయి. 1954లో అచ్చయిన ఆ అధ్యయనం చెప్పేది అబద్ధాలాడే మనుషుల గురించి కాదు. తమవాళ్ల మీద మనసు పెట్టుకున్న మనిషి కన్ను ఆ వైపు నుంచే చూస్తుంది.

అలాగని కోపమంతా భ్రమ అనీ కొట్టిపారేయలేం. శాక్రమెంటో కింగ్స్ అభిమానులకు 2002 పడమటి ఫైనల్స్ ఆరో ఆట గుర్తు చేస్తే ఈనాటికీ ముఖం మారుతుంది. లాస్ ఏంజిలిస్‌లో మే 31న జరిగిన ఆ ఆట ఆఖరి క్వార్టర్ ఒక్కదాంట్లోనే లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు దక్కాయి. కింగ్స్ ఓడింది. జూన్ 2న సొంత ఊళ్లో ఏడో ఆట ఓవర్‌టైమ్‌లో చేజారింది. ఆరో ఆట రెఫరీయింగ్ మీద తర్వాత ఆరోపణలొచ్చాయి, లీగ్ ఖండించింది. శాక్రమెంటో మాత్రం టైటిల్‌కు మళ్లీ అంత దగ్గరగా రాలేదు. 2006 తర్వాత 16 ఏళ్లు ప్లేఆఫ్స్‌కే దూరమైంది. 2023లో తిరిగొచ్చినప్పుడు, జట్టు గెలిచిన ప్రతిసారీ హాలు కప్పు మీదినుంచి ఆకాశంలోకి ఊదారంగు కాంతిపుంజం వదులుతుంటే ఊరంతా దాన్ని వెలిగించమని కేకలు పెట్టింది. ఆ కేకల్లో 2002 కూడా ఉంది. ఆ ఏడాది తొలి రౌండు ఏడో ఆటలో స్టెఫెన్ కరీ 50 పాయింట్లు చేసి వాళ్లను ఇంటికి పంపాడు.

ఇప్పుడు హోరాహోరీ ఆటల చివరి రెండు నిమిషాల్లో రెఫరీలు ఇచ్చిన, ఇవ్వని నిర్ణయాల మీద లీగ్ మర్నాడు నివేదిక విడుదల చేస్తుంది. 2015లో ఇది మొదలైంది. తప్పు జరిగిందని ఒప్పుకుంటారు కానీ స్కోరు మారదు. దీనివల్ల అభిమానికి ఊరట కలిగిందని చెప్పలేం. అనుమానంగా ఉన్న బాధ అధికారికంగా ఖాయమవుతుందంతే.

‘చేయి వేడెక్కింది’ అన్న అభిమాని నమ్మకాన్ని కూడా చాలాకాలం కంటి భ్రమ అనే అనుకున్నారు. వరుసగా రెండు మూడు షాట్లు వేసినవాడికి తర్వాతిది కూడా పడే అవకాశం ఎక్కువని ప్రేక్షకుల్లో నూటికి 91 మంది నమ్ముతారని థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1985లో తేల్చారు. ఆపై ఫిలడెల్ఫియా జట్టు షాట్ల రికార్డు పరిశీలించి అది ఒట్టి భ్రమ అన్నారు. మూడు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు అదే చెప్పాయి. 2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సంహుర్హో ఆ లెక్కలోనే ఒక గణాంక లోపం ఉందనీ, దాన్ని సరిచేస్తే వేడి చేయి కొంతవరకు నిజమేననీ చూపించారు. అన్నేళ్లూ అభిమానిని అమాయకుడన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఒంటికి తగిలే గెలుపోటములు

ఆట చూడటం ఒంటిమీద ప్రభావం చూపుతుందా? జార్జియా, జార్జియా టెక్ కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటకు ముందూ తర్వాతా మగ అభిమానుల లాలాజలం పరీక్షించి 1998లో ఒక అధ్యయనం వెలువడింది. గెలిచినవాళ్ల అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఓడినవాళ్ల అభిమానుల్లో తగ్గింది. పరీక్షించిన మనుషులు చాలా తక్కువ కాబట్టి దానిమీద మరీ బరువు మోపకూడదు. ఎడ్వర్డ్ హర్ట్, అతని సహచరులు 1992లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. ఇండియానా విశ్వవిద్యాలయం విద్యార్థులకు తమ జట్టు ఆటలు టీవీలో చూపించి, ఆ వెంటనే వాళ్లు డార్టులు విసరడం లాంటి కొన్ని చిన్న పనులు ఎంత బాగా చేయగలరో అడిగారు. జట్టు గెలిచినప్పుడు తమ సామర్థ్యం మీద నమ్మకం పెరిగింది, ఓడినప్పుడు తగ్గింది. బంతి ముట్టుకోని మనిషి, ఎవరో ఓడితే, తనకు డార్టులు విసరడం రాదనుకున్నాడు. ఆటంటే కాలక్షేపం కదా అని తేలిగ్గా అనేవాళ్లు ఈ ప్రయోగం చూడాలి.

ఓటమి సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క. 16 జట్లలో తన ఆఖరి ఆట గెలిచేది ఒక్కటే. మిగిలిన 15 ఊళ్ల అభిమానులు ఏ ఏడాది చూసినా ఓటమితోనే టీవీ కట్టేస్తారు. అంటే ప్లేఆఫ్స్ అభిమానికి మామూలుగా మిగిలేది ఓటమే.

న్యూయార్క్ నిక్స్ అభిమానులు ఈ అనుభవంలో ఆరితేరారు. 1994 జూన్ 1న గార్డెన్‌లో, తూర్పు ఫైనల్ అయిదో ఆటలో, ఇండియానా పేసర్స్ ఆటగాడు రెజ్జీ మిల్లర్ ఆఖరి క్వార్టర్‌లోనే 25 పాయింట్లు చేశాడు. వేస్తూ, ముందు వరుసలో కూర్చుని తనను రెచ్చగొట్టిన సినిమా దర్శకుడు స్పైక్ లీ వైపు తిరిగి, తన గొంతు తానే పట్టుకుని చూపించాడు: మీవాళ్లకు ఊపిరి ఆగిపోతోంది అని. మర్నాడు న్యూయార్క్ పత్రికలు ఓటమి తప్పు లీ మీదే వేశాయి. నిక్స్ ఆ సిరీస్ గెలిచింది. అయినా జనానికి గుర్తుండిపోయింది గొంతు పట్టుకున్న ఆ చేయే. మరుసటి ఏడాది మే 7న అదే హాల్లో మిల్లర్ 8.9 సెకన్లలో ఎనిమిది పాయింట్లు చేసి ఇంకో ఆట లాక్కున్నాడు.

2025 మే 21న నిక్స్ పాతికేళ్ల తర్వాత తూర్పు ఫైనల్ ఆడుతోంది. ఎదురుగా మళ్లీ పేసర్స్. ఆటలో మూడు నిమిషాలు కూడా లేవు, నిక్స్ 14 పాయింట్లు ముందుంది. ఆ ఆధిక్యమంతా కరిగిపోయింది. చివరి క్షణంలో టైరీస్ హాలిబర్టన్ వేసిన బంతి రింగు వెనక అంచుకు తగిలి నిట్టనిలువుగా లేచి నేరుగా లోపల పడింది. గెలిచేశాననుకుని అతను పరిగెత్తి, గొంతు పట్టుకుని చూపించాడు. హాల్లోనే వ్యాఖ్యానం చెబుతున్న మిల్లర్ ఎదుట. రీప్లేలో పాదం త్రీ పాయింట్ గీత మీద ఉందని తేలింది. రెండు పాయింట్లే, స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో పేసర్స్ 138-135తో గెలిచింది, ఆపై సిరీస్ కూడా. 1994లో పుట్టని కుర్రవాళ్లు కూడా ఆ చేతిని చూడగానే తండ్రుల కోపంతో అరిచారు.

క్లీవ్‌లాండ్ కథ ఇంకా పాతది. 1964లో బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక ఆ ఊరికి ఏ పెద్ద క్రీడలోనూ టైటిల్ రాలేదు. 2010లో లెబ్రాన్ జేమ్స్ మయామీకి వెళ్లిపోతే అతని జెర్సీలు తగలబెట్టారు. 2014లో తిరిగొస్తే గుండెలకు హత్తుకున్నారు. 2016 ఫైనల్స్‌లో, 73 లీగ్ ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ క్లీవ్‌లాండ్ మీద 3-1తో ముందుంది. ఫైనల్స్‌లో అక్కడినుంచి గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. జూన్ 19న ఓక్లండ్‌లో ఏడో ఆట. క్లీవ్‌లాండ్‌లో సొంత హాలు తెరిచి పెద్ద తెర మీద చూపించారు. 89-89 దగ్గర స్కోరు దాదాపు నాలుగు నిమిషాలు కదల్లేదు. లెబ్రాన్ వెనకనుంచి పరిగెత్తుకొచ్చి ఆండ్రే ఇగ్వోడాలా షాట్‌ను బోర్డుకేసి కొట్టాడు. 53 సెకన్లుండగా కైరీ ఇర్వింగ్ త్రీ పాయింటర్ పడింది. 93-89తో క్లీవ్‌లాండ్ గెలిచింది. మూడు రోజుల తర్వాత జరిగిన ఊరేగింపుకు పది లక్షలకు పైగా వచ్చారని నగర అధికారుల అంచనా. ఊరి జనాభా నాలుగు లక్షలు కూడా లేదు.

అదుపు తప్పినప్పుడు

ఈ ప్రేమ మొరటుగా మారడమూ ఉంది. కొవిడ్ తర్వాత హాళ్లు తెరిచిన 2021 మే నెలలో ఒకే వారంలో ఫిలడెల్ఫియాలో రసెల్ వెస్ట్‌బ్రూక్ తల మీద పాప్‌కార్న్ పోశారు, న్యూయార్క్‌లో ట్రే యంగ్ మీద ఉమ్మారు, బోస్టన్‌లో కైరీ ఇర్వింగ్ మీదికి నీళ్ల సీసా విసిరారు. చేసినవాళ్లను హాళ్లలోకి రాకుండా నిషేధించారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నాం కాబట్టి ఎంతైనా అనొచ్చు, చేయొచ్చు అన్న ధోరణి క్షమించదగ్గది కాదు.

టొరంటోలో జరిగింది వేరు. 2019 జూన్ 10, ఫైనల్స్ అయిదో ఆట. నెల రోజుల గాయం తర్వాత తిరిగొచ్చిన వారియర్స్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ రెండో క్వార్టర్‌లో కుప్పకూలాడు. మడమ వెనక స్నాయువు తెగింది. ప్రత్యర్థి బలం పోయిందన్న ఊపులో హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు, టాటా చెప్పారు. కైల్ లౌరీ, సెర్జ్ ఇబాకా, డానీ గ్రీన్ తమ అభిమానుల వైపే తిరిగి ఆపమని చేతులతో సైగ చేశారు. కొద్ది క్షణాల్లో అదే హాలు లేచి నిలబడి డ్యురాంట్‌ను చప్పట్లతో సాగనంపింది. రాప్టర్స్ ఆ ఆట 106-105తో ఓడింది. మూడు రోజుల తర్వాత ఓక్లండ్‌లో టైటిల్ గెలిచింది.

హాలు బయట, దేశం బయట

ఆ రోజు టొరంటో హాలు ముందున్న చౌకులో వేలమంది తెర చూస్తూ నిలబడ్డారు. ‘జురాసిక్ పార్క్’ అని జనం పేరు పెట్టుకున్న ఆ చోటును చూసి కెనడా అంతటా ఊళ్లలో అలాంటి కూడళ్లు వెలిశాయి. రాప్టర్స్ అభిమానుల్లో అందరికీ తెలిసిన ముఖం నవ్ భాటియా. ఢిల్లీలో పుట్టి 1984లో కెనడా వెళ్లిన ఈ సిక్కు పెద్దమనిషి కార్లు అమ్మే ఉద్యోగంతో మొదలుపెట్టి షోరూముల యజమాని అయ్యాడు. 1995 నుంచీ రాప్టర్స్ సొంత ఊళ్లో ఆడే ప్రతి ఆటకూ రింగు వెనక కూర్చుని ప్రత్యర్థుల ఫ్రీ త్రోలకు తువ్వాలు ఊపుతుండేవాడు. 2019లో జట్టు అతనికీ విజేత ఉంగరం ఇచ్చింది. 2021లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తించిన తొలి అభిమాని అతనే.

అభిమానులు లేని ప్లేఆఫ్స్ కూడా ఒకసారి జరిగాయి. 2020లో ఫ్లారిడాలోని డిస్నీ ప్రాంగణంలో జట్లన్నిటినీ ఉంచి, కోర్టు చుట్టూ 17 అడుగుల తెరల మీద ఇళ్లలో కూర్చున్న మనుషుల ముఖాలు చూపించి, స్పీకర్లలో హోరు వినిపించారు. ఆట నాణ్యతకు లోటు రాలేదు. కానీ సొంత ఊరు, పరాయి ఊరు అన్న తేడా పోయింది. దాంతో సిరీస్‌కు ఉండే ఎగుడుదిగుడూ పోయింది.

దూరం నుంచి చూడటం కొత్తేమీ కాదు. 1980 మే 16న 20 ఏళ్ల మ్యాజిక్ జాన్సన్ 42 పాయింట్లతో లేకర్స్‌ను గెలిపించిన ఫైనల్స్ ఆరో ఆటను అమెరికాలోనే చాలా ఊళ్లలో ప్రత్యక్షంగా చూపలేదు. రాత్రి పదకొండున్నరకు రికార్డు వేశారు. ఇప్పుడు అక్కడ తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే ఫైనల్స్ ఆట మన దగ్గర ఉదయం ఆరింటికి ఫోన్‌లో వస్తుంది. తొలి రౌండ్లలో పడమటి తీరం ఆటలైతే ఏడున్నరకు. మన బడుల వేసవి సెలవులు, ప్లేఆఫ్స్ దాదాపు ఒకే కాలంలో వస్తాయి. రాత్రి ఐపీఎల్ చూసి పడుకున్న కుర్రవాడే పొద్దున్నే లేచి కరీ షాట్ల కోసం ఫోన్ తెరుస్తాడు. డాలస్ పరిసరాల్లో ఫ్రిస్కో, ప్లానో, అర్వింగ్ ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో క్రికెట్‌తో పెరిగిన తండ్రులు బాస్కెట్‌బాల్‌ను పిల్లల దగ్గరే నేర్చుకుంటున్నారు. 2024లో ఆ ఊరి మావరిక్స్ ఫైనల్స్‌లో బోస్టన్ చేతిలో 4-1తో ఓడింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే తమ ప్రధాన ఆటగాడు లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజిలిస్‌కు మార్చేస్తే, అభిమానులు హాలు ముందు శవపేటిక తెచ్చిపెట్టి నిరసన తెలిపారు.

ఆటగాళ్లు ఊళ్లు మారుతూనే ఉంటారు, అభిమాని మాత్రం ఉన్నచోటే ఉంటాడు. టొరంటోకు టైటిల్ తెచ్చిన లెనర్డ్ నెల తిరక్కుండా సొంత రాష్ట్రం కాలిఫోర్నియాకు, క్లిప్పర్స్ జట్టుకు వెళ్లిపోయాడు. డిసెంబరు 11న ప్రత్యర్థిగా టొరంటో వచ్చినప్పుడు లౌరీ అతని చేతిలో విజేత ఉంగరం పెట్టాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఉండిపోయి ఉంటే బాగుండేదన్న కోపం లేక కాదు, నాలుగుసార్లు ఎగిరిన ఆ బంతి అంతకన్నా పెద్దదని తెలుసు కాబట్టి. ఆ రాత్రి అతను 23 పాయింట్లు చేశాడు. క్లిప్పర్స్ 112-92తో గెలిచింది.